లాభం తర్వాత రెండు

షారోన్ రాసిన పేజీ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. దాపరికం ఎందుకు, కడుపు మండిపోయింది.

నేను వినుకొండలో డిగ్రీ కాలేజీ కంప్యూటర్ లెక్చరర్ని. చిగురు అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. దాంతోపాటే రెడీమేడ్ ఫంక్షన్లు కొన్ని వందలు వస్తాయి. ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే పేజీలను తెలుగులో రాసేది మేం ఎనిమిదిమందిమి. జీతం భత్యం ఏమీ లేదు, పేజీ కింద పేరు ఉంటుంది, అంతే. ఆరేళ్లుగా రాస్తున్నాను. ఇప్పుడు కొత్త వెర్షన్ వస్తోంది కాబట్టి పేజీలన్నీ సవరించాలి. మాకు పెద్దగా ఉన్న గుంటూరు ఖలీల్ గారు ఈ పని అవగానే తప్పుకుంటానన్నారు. ఆయన తర్వాత నేనేనని నాకు ఏ మూలా అనుమానం లేదు.

అప్పుడు దిగింది షారోన్. నా దగ్గర చదువుకున్న పిల్లే. మా ఊరి చర్చిలో పాటలు నేర్పే నతానియేలు కూతురు. వాళ్ల నాయనమ్మ కొండమ్మ మా కళ్లంలో మిరపకాయలు ఏరేది, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కాటా వేసేటప్పుడు లెక్క పలికేది. షారోన్ మా గుంపులో చేరి ఏడు నెలలు కాలేదు. ఖలీల్ గారు దానికి 'వరుస' ఫంక్షన్ పేజీ ఇచ్చారు.

జాబితాలో ఉన్నవాటికి వరసగా నంబర్లు వేసే ఫంక్షన్ అది. మొదటిదానికి సున్నా వేస్తుంది. ఎందుకు సున్నా అని పిల్లలు ప్రతి ఏడాదీ నా ప్రాణం తీస్తారు. షారోన్ ఇలా రాసింది:

"కాటా దగ్గర మొదటి టిక్కీని ఒకటి అనం, లాభం అంటాం. పిలుపు మారినా అది మొదటి టిక్కీయే. ఈ ఫంక్షన్ కూడా మొదటిదాన్ని సున్నా అని పిలుస్తుంది. ఒక్క తేడా ఉంది. కాటా దగ్గర లాభం తర్వాత రెండు. ఇక్కడ సున్నా తర్వాత ఒకటి. కాబట్టి చివరి నంబరు చూసి ఇన్ని ఉన్నాయి అనుకోకండి, ఒకటి కలుపుకోండి."

మా వాట్సాప్ గుంపులో పొగడ్తలే పొగడ్తలు. దర్శి నుంచి రాసే తేజశ్రీ అయితే, "అబ్బ, ఇన్నేళ్లకు అర్థమైంది!" అని పెట్టింది. ఇన్నేళ్లూ రాసింది నేనే కదా తల్లీ! మిరప పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తట్టనిది దీనికెలా తట్టింది? మూడు రోజులు ఆ పేజీలో తప్పు కోసం వెతికాను. కామా తప్పు కూడా దొరకలేదు.

నాలుగో రోజు దొరికింది. లాభం తర్వాత రెండేమిటి? మొదటి టిక్కీకి లాభం అని దేవుడికి ఒక మాట అనుకుని, ఆ తర్వాతి వాటికి ఒకటి, రెండు అని మొదలుపెడతారు. అంటే లాభమే మన సున్నా! ఆహా, ఎంత కుదిరిందో! తేడా గురించి ఆమె రాసిన నాలుగు వాక్యాలూ కొట్టేశాను. "కాటా దగ్గర లాభం, ఒకటి, రెండు. ఇక్కడ సున్నా, ఒకటి, రెండు. తేడా ఏమీ లేదు" అని దిద్దాను.

"సార్, ఒకసారి ఇంట్లో అడిగి చూడండి" అని షారోన్ పెట్టింది.

"మా కళ్లం సంగతి నాకు చెప్తావా?" అన్నాను, అందరూ చూస్తుండగా. ఖలీల్ గారు నా సవరణ ఒప్పుకున్నారు. "ఇక తెలుగు పేజీలు మీ చేతుల్లో పెడతానండీ" అన్నారు. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

సోమవారం కొత్త వెర్షన్ విడుదల. ఆదివారం పొద్దున ఊరెళ్లాను. గుంటూరు యార్డుకు వెళ్లే సరుకు మా వాకిట్లో కాటా వేస్తున్నారు. అమ్మ స్టూలు మీద కూర్చుని లెక్క పలుకుతోంది. మొదటి టిక్కీ కాటా ఎక్కింది.

"లాభం" అంది అమ్మ.

అది దిగింది. ఇంకోటి ఎక్కింది.

"రెండు."

"అమ్మా, ఒకటి అనలేదేంటి?"

"ఎక్కిందిగా, లాభం అన్నాగా!"

"లాభం అయ్యాక ఒకటి కదా?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒరేయ్, అట్టా పలికితే లారీలో పది ఎక్కితే కాగితం మీద తొమ్మిదే ఉంటయ్. ఒక టిక్కీ ఎవడికి దానం చేస్తావు? ఎప్పుడన్నా కళ్లంలోకి దిగితే గదా తెలిసేది! పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడివి. నాకీ లెక్క నేర్పింది కొండమ్మ. దాని నోట ఒక్క టిక్కీ తప్పిపోయింది లేదు."

పది ఉంటే తొమ్మిది. షారోన్ హెచ్చరించింది సరిగ్గా దాని గురించే. నేను కొట్టేసింది సరిగ్గా దాన్నే.

మధ్యాహ్నం దాకా ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. ఊరుకుంటే ఎవడికి తెలుస్తుంది? కాటా దగ్గరవాళ్లు ఆ పేజీలు చదవరు. చెప్పానంటే ఆరేళ్లు ఎదురుచూసిన పెద్దరికం పోయి దాని చేతిలో పడుతుంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! కానీ రేపు ఆ పేజీ చదివి తొమ్మిదే అనుకునేది నా క్లాసులో పిల్లలే. పళ్లు కొరుక్కుంటూ టైపు చేశాను.

"తప్పు నాది. షారోన్ రాసిందే రైటు. ఖలీల్ గారూ, పేజీలు ఆ అమ్మాయికే అప్పగించండి."

షారోన్ నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. "థాంక్యూ సార్. ఆ పేజీ కింద నా పేరు తీసేసి మా నాయనమ్మ పేరు పెట్టొచ్చా? అది ఆమె చెప్పిందే."

"పెట్టు" అన్నాను. ఇంకేమంటాను?

సోమవారం పేజీ వచ్చింది. ఆమె నాలుగు వాక్యాలూ మళ్లీ ఉన్నాయి. కింద 'కొండమ్మ' అని ఉంది. నా పేరు నలభై పేజీల కింద ఉంది. అయినా సరే, అక్షరం ముక్క రాని ఆ ముసలమ్మను చూసి కూడా కుళ్లుకున్నాను.