గడప కింది రాణి

రోజూ తెల్లవారి ఐదున్నరకి అలివేలు గడప ముందు నీళ్లు చల్లి, ఎడమచేత్తో చుక్కలు పెట్టేది. చుక్కలయ్యాక పక్కన పిడికెడు బియ్యప్పిండి కుప్ప పోసి, కాఫీ పనికి లోపలికి వెళ్లిపోయేది. మిగతాది చీమల పని. గడప కింది నెర్రెలోంచి నల్లచీమలు బారులు కట్టి వచ్చి, తలా ఒక పిండి రేణువు ఎత్తుకుని, చుక్కల చుట్టూ మెలికలు తిప్పేవి. ఫిల్టర్లో డికాక్షన్ దిగేసరికి ముగ్గు పూర్తయ్యేది.

సౌకార్‌పేటలోని ఆ సందులో ఇదేమీ వింత కాదు. పాలు పోసే అమ్మణి ఒక్కోరోజు తొందరగా వచ్చేస్తే, "ఇంకా కాలేదా?" అని చీమల్ని విసుక్కుంటూ చెంబు పట్టుకుని నిలబడేది. పొద్దు వాలాక ఆ చీమలే ముగ్గును ఊడదీసుకుని, రేణువు వదలకుండా ఇంటికి మోసుకుపోయేవి.

మూడేళ్ల కిందట, 1971లో, అలివేలుకి పక్షవాతం తగిలింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. సూది గుచ్చినా తెలిసేది కాదు. దేవుడికైనా ఒంటిచేత్తోనే దణ్ణం. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమె బియ్యప్పిండితోనే ముగ్గేసింది. రాతిపొడి ముట్టలేదు. చీమలకింత పెట్టని ముగ్గు ముగ్గెట్లా అవుతుందని ఆమె వాదన. ఆమె మంచాన పడ్డ వారం మొగుడు కోదండరాం, పాపం, బజారులో రాతిపొడి కొనుక్కొచ్చి రెండు అడ్డగీతలు గీసి చేతులు దులుపుకున్నాడు. చీమలు వారమంతా పస్తున్నాయి. ఎనిమిదో రోజు ఆమె గోడ పట్టుకుని లేచి, ఎడమచేత్తో బియ్యప్పిండి చుక్కలు పెట్టి, ఆపైన చేతకాక అక్కడే కూలబడి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి ముగ్గు ఉంది. ఆ రోజే ఆమెకి మళ్లీ ఆకలి వేసింది. ఆ రోజే మళ్లీ మొగుణ్ణి కేకలేసింది. ఇల్లు తెరిపిన పడింది.

అట్లాంటి ఇంటిని ఇప్పుడు వదలాల్సి వచ్చింది. కోదండరాం పాల వ్యాను డ్రైవరు. మాధవరం పాల కాలనీలో క్వార్టర్సు దొరికింది.

"కొళాయి ఇంట్లోనే ఉండాది అలివేలూ! బిందె ఎత్తుకుని ఆడా ఈడా తిరగబళ్లా," అన్నాడు సంబరంగా.

"కొళాయి సరేనయ్యా. ముగ్గో?"

కోదండరాం తల గోక్కున్నాడు. కొత్త క్వార్టర్సు, కొత్త సిమెంటు గడప. అక్కడి చీమలు ఎవరివో, ఏం పనివంతులో ఎవరికి తెలుసు? మళ్లీ గడప ముందు కూలబడి ఏడ్చే రోజులు వస్తాయని అలివేలుకి దిగులు పట్టుకుంది. ఆ దిగులుతో నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఇంతలో అరవవాళ్ల ఐప్పశి నెల వాన మొదలైంది. వాన వెలిసిన సాయంత్రం గడప నెర్రెలోంచి రెక్కల చీమలు గుంపులుగా లేచాయి. కాసేపటికి కూతురు జయంతి హార్లిక్స్ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చదివే పిల్ల.

"అమ్మా, చూడు! రాణిచీమ! మన గడప చీమేమా. రెక్కలు రాల్చేసి మళ్లీ ఈడికే వచ్చింది. దీన్ని మాధవరం ఎత్తుకుపోదాం. ఆడ గుడ్లు పెడతాది. పిల్లలు నీకు ముగ్గేస్తాయి."

అలివేలుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. సీసా మూతకి బెజ్జాలు పొడిపించింది, అడుగున తడిమట్టి వేయించింది, పంచదార పలుకు తన చేత్తోనే వేసింది. రాణి దాన్ని వాసనైనా చూడలేదు. గాజుగోడ వెంట చుట్లు తిరుగుతూనే ఉంది.

"ఏందే, తిననే తినదు?" అంది మూడోరోజు.

"తినదుమా. మొదటి పిల్లలు పెద్దయ్యేదాకా పస్తే. రెక్కలు ఆడించే కండ ఉంటాది చూడు, ఇంక ఎగరేది లేదు కదా, దాన్నే కరిగించి పిల్లల్ని సాకుతాది. పావం."

అలివేలు కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లోకి తీసుకుని, సీసా వంక చూస్తూ కూర్చుంది.

ఇల్లు మారే రోజు ఉదయం ఆఖరిసారి చుక్కలు పెట్టింది. చీమలు వచ్చాయి. తమ ఆడపిల్ల సీసాలో ఉన్నా పని ఎగ్గొట్టలేదు. పైగా మామూలుకన్నా రెండు మెలికలు ఎక్కువే తిప్పాయి. సామాను బండి తెచ్చిన కన్నియప్పన్ చీమల పని అయ్యేదాకా ఎదురరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. అలివేలు కూతురి వైపు చెయ్యి చాపింది.

"జయంతీ, ఆ సీసా ఇట్టా తే. విడిచేస్తాను."

"వద్దుమా! ఆడ ఎవరు గీస్తారు నీకు?"

"మూడేళ్లు గీసినాయి. నేను అడిగినానా? వాటంతట అవే గీసినాయి. పట్టుకుపోయి గీయించుకుంటే అది వేరే కత అయిపోతాదే."

అరుగు మూల తడిమట్టి దగ్గర చతికిలబడి, సీసా వంచింది. రాణి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. దిగడానికి ఆసరా లేదు. అలివేలు ఎడమచెయ్యి సీసా పట్టుకుని ఉంది. మోకాలితో కుడిచేతిని ముందుకు తోసి, సీసా మూతికీ మట్టికీ మధ్య చెక్కలా ఆనించింది. రాణి దాని మీదికి దిగింది. చిటికెన వేలి కొన చుట్టూ తిరిగింది, తర్వాత ఉంగరపు వేలి చుట్టూ. అయిదు వేళ్లనూ చుక్కల్లాగే చుట్టి, అరచేతిలోంచి మెలిక తిప్పి, మణికట్టు దాటి మట్టిలోకి దిగిపోయింది.

"అయ్యో... జయంతీ, చక్కిలిగిలి పెడతా ఉండాదే!"

మోకు ముడి వేస్తున్న కోదండరాం చెయ్యి ఆగిపోయింది. జయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నియప్పన్ మాత్రం బీడీ ఆర్పి లేచాడు.

"అయిపోయిందామ్మా? బీరువా ఎక్కించేదా?"

మాధవరంలో మర్నాడు తెల్లవారి అలివేలు ఎడమచేత్తో చుక్కలు పెట్టి, అలవాటు కొద్దీ పిండికుప్ప పోసి లోపలికి వెళ్లింది. కాఫీ తాగి వచ్చి చూస్తే చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. కొత్త సిమెంటులో ఒక్క చీమా లేదు. గడప ముందు కూర్చుని, కుడిచేతి రెండు వేళ్ల మధ్య చిటికెడు పిండి తీసుకుంది. సగం జారిపోయింది. మొదటి మెలిక వంకర పోయింది, రెండోది ఇంకా వంకర. అయినా పిండి వేళ్లకి మెత్తగా, చల్లగా తగులుతోంది. ఆ చల్లదనానికే ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

కోదండరాం టిఫిన్ డబ్బా పట్టుకుని గడప లోపలే నిలబడ్డాడు.

"పక్కనించి దాటి పోవయ్యా, వ్యానుకి టైమయ్యింది కదా."

"కానీలే. అయ్యేదాకా ఉంటాను."

ఎండ పడే వేళకి ముగ్గు ముగిసింది. అది ముగ్గేనని చెప్పుకోవాలి, అంతే. ఎక్కడినుంచో ఊరూ పేరూ తెలియని రెండు ఎర్రచీమలు వచ్చి, ఒక మూల కొరికి చూసి, తలా ఒక రేణువు ఎత్తుకున్నాయి.

"తినండి," అంది అలివేలు. "ఈసారి నేను గీస్తాను. మీరు తినండి."

తర్వాత లేచి, సౌకార్‌పేట ఉన్న వైపుకి తిరిగి, రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టింది.