ఖాళీ వదిలిన కాలు

"ఒక్క కాలికే చాలు. రెండోదాన్ని ముట్టుకోకు," అన్నాను.

మెషీన్ల అమ్మాయి చేతిలో బూటు పట్టుకుని నా మొహంలోకి చూసింది. బూటంటే తొడ దాకా వచ్చే పొడుగాటి సంచీ. అందులో కాలు పెట్టి జిప్పు లాగితే గాలి నిండి, పాదం దగ్గర్నుంచి పైకి పిండుకుంటూ వస్తుంది. పిండుతుంది, వదులుతుంది, మళ్లీ పిండుతుంది. అలా నలభై నిమిషాలు. ఒక్కసారికి నా రెండు రోజుల జీతం.

"రెండు కాళ్లకీ కలిపే ఫీజండీ. ఒక కాలికని తగ్గించరు," అంది పాపం.

"తగ్గించమని ఎవరడిగారు? కుడికాలికి పెట్టు. ఎడమది ఖాళీ."

నా ఉద్యోగం పెయింట్ల ఫ్యాక్టరీ లాబ్‌లో. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని ఒకటే. కొత్త రంగు ఏదొచ్చినా ఇనప రేకు మీద సగం వేస్తాం, సగం ఖాళీగా వదిలేస్తాం. రెండు సగాలూ ఒకే ఎండలో ఎండుతాయి, ఒకే వానలో తడుస్తాయి. ఖాళీ సగం తుప్పుపట్టి, రంగు వేసిన సగం నిలబడితేనే నేను సంతకం పెడతాను. ఖాళీ సగం లేని రేకుని నా బల్ల మీదకి రానివ్వను, మేనేజరు తెచ్చినా సరే. అలాంటి దాన్ని, ఎవరో రంగుల కాగితం మీద అచ్చేసిన మాటలు నమ్మి రెండు కాళ్లూ ఆ సంచుల్లో దూరుస్తానా?

మా ఆయన మాత్రం విని పడీపడీ నవ్వారు. "రెండో బూటు ఊరికే పోతుందిగా, నన్నూ తీసుకెళ్లు. నా కాలు పెడతాను," అన్నారు. ఒళ్లు మండింది. ఆయనకి నవ్వులాటగానే ఉంటుంది. పోయినేడాది పేవ్‌మెంటు మీద చతికిలబడింది ఆయన కాదుగా.

అది రిలే పరుగు. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి. జట్టుకి నలుగురు, ఒక్కొక్కరికి పది కిలోమీటర్లు. మా జట్టులో మొదటి పరుగు మా అక్కది, చివరిది నాది. మధ్యలో ఒక పోస్టాఫీసావిడ, ఒక బస్సు డ్రైవరు. డ్రైవరే మా కెప్టెన్. పోయినేడాది ఏడో కిలోమీటరు దగ్గర నా పిక్కలు రెండూ కొయ్యబారిపోయాయి. అలా కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేకపోయాను. మిగతా ముగ్గురి ముప్పై కిలోమీటర్లూ గంగపాలు. ఎవరూ ఒక్క మాటనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఈ ఏడాది డ్రైవరు ముందే చెప్పేసింది. "నీ ఊపు నాకు తెలుసు. నీ పిక్కల మీదే నమ్మకం లేదు. ఆదివారం పదహారు పరిగెత్తు, మంగళవారం మళ్లీ పది పరిగెత్తి చూపించు. మూడు వారాలు వరసగా చూపిస్తే చివరి పరుగు నీది. లేకపోతే పోస్టాఫీసావిడకిస్తా. మొహం మాడ్చుకోకూడదు మరి."

నాకు యాభై ఒకటి. ముప్పైల్లో అయితే ఆదివారం పరిగెత్తి సోమవారం గంతులేసేదాన్ని. ఇప్పుడు ఆదివారం పరిగెడితే గురువారం దాకా రెయిలింగు పట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగుతున్నాను. ఇంటికొచ్చి ఊరుకుంటానా అంటే అదీ లేదు. పరుగు నుంచి రాగానే బట్టలు ఉతుకుతాను, అలమర సర్దుతాను, ఏమీ లేకపోతే కిటికీ అద్దాలు తుడుస్తాను. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నా పేరు బొంగరం. తిరుగుతూ ఉంటేనే నేను నిలబడతానని మా అక్క అంటుంది.

అందుకే, పరుగు తర్వాత కాళ్ల నొప్పులు త్వరగా తగ్గిస్తామనే ఆ మెషీన్ల సెంటరుకి వెళ్లాను. మొదటి ఆదివారం బూడిదరంగు తలుపు తీసి లోపలికి పంపారు. ఫోను బయట చెక్కపెట్టెలో పెట్టించుకున్నారు. కర్టెను, సన్న మంచం, దుప్పటి, అంతే. వెల్లకిలా పడుకోబెట్టి కుడికాలికి బూటు వేసి, గొట్టాలు బిగించి, ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

అమ్మో, ఆ మొదటి పది నిమిషాలు! లేచి పారిపోదామనిపించింది. గోడ మీద గడియారం లేదు. కిటికీ లేదు. ఖాళీ కాలు మంచం అంచుని టకటకా కొడుతూనే ఉంది. జిప్పు పీకేద్దామంటే అది పాదం దగ్గరుంది, గొట్టాలు అడ్డం. కట్టేసిన దూడలా కాసేపు గింజుకున్నాను. తర్వాత ఏమైందో తెలీదు. "అయిపోయిందండీ," అని ఆ అమ్మాయి లైటు వేసేసరికి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. సిగ్గేసింది.

సోమవారం పొద్దున మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించుతూ లెక్కపెట్టాను. నా పరీక్ష అదే. అంతకుముందు సోమవారాల్లో కాలికి తొమ్మిదికి మించి వచ్చేవి కావు. ఆ రోజు కుడికాలికి పదిహేడు. ఎగిరి గంతేశాను. తర్వాత ఎడమకాలు. పదహారు.

పదహారా?

మళ్లీ చేద్దామంటే అప్పటికే పిక్క అలిసిపోయింది. సరే, మొదటి వారమే కదా అని పుస్తకంలో రాసుకున్నాను. రెండో వారం ఇరవై, ఇరవై. మూడో వారం కుడి ఇరవై రెండు, ఎడమ ఇరవై మూడు. మంగళవారం పరుగులు మూడూ హాయిగా అయిపోయాయి. డ్రైవరు వాచీ చూసి, "సరేలే తల్లీ, చివరి పరుగు నీదే," అంది. ఆ మాట కోసమే కదా ఏడాదంతా ఎదురుచూశాను! ఎడమకాలి సంగతి ఆలోచించడం మానేశాను.

పూర్తిగా మానేయలేదు. మెషీన్ల అమ్మాయిని అడిగాను. కాస్త నీళ్లు నమిలి, "రక్తం రెండు కాళ్లకీ తిరుగుతుంది కదండీ," అంది. నాకు ఆ జవాబు చాలా నచ్చింది. నచ్చాలనుకున్నాను, నచ్చింది.

రిలే ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం ఫోనొచ్చింది. "మెషీన్లు సర్వీసుకి వెళ్తున్నాయండీ. పది రోజులు మూసేస్తున్నాం."

మర్నాడే ఆఖరి పదహారు కిలోమీటర్లు. ఆ తర్వాత పిక్కలు పట్టేస్తే ఎవరికి చెప్పుకోను? ఆ సాయంత్రమంతా ఫోను పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగాను. చివరికి నగరం అవతలి కొసన ఇలాంటిదే ఇంకోటి దొరికింది. రెండు బస్సులు మారాలి. అక్కకి కారుంది. ఆదివారం పరుగయ్యాక, మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి బెల్లు కొట్టాను.

మా అక్క లెక్కల టీచరు. నాకన్నా మూడేళ్లు పెద్దది. పొద్దున నాతోపాటే పరిగెత్తి వచ్చి, స్నానం చేసి, సోఫా మీద నడుం వాల్చబోతోంది. రోజూ మధ్యాహ్నం అరగంట పడుకుంటుంది. ఇంటి కప్పు ఎగిరిపోయినా సరే, ఆ అరగంట దాటాకే లేస్తుంది.

"అక్కా, తాళాలు తీసుకో. నాలుగింటికి అపాయింట్‌మెంటు."

"కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు? ముందు కూర్చో. ఏదీ, నీ పుస్తకం ఇటివ్వు."

లెక్కల మనిషి కదా, అంకెలు కనిపిస్తే వదలదు. ఒకసారి చూసింది. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూసింది.

"ఇందులో బూటు ఏ కాలికే?"

"కుడికాలికి."

"మరి ఎడమకాలు ముందుందేమిటి?"

"రక్తం రెండు కాళ్లకీ తిరుగుతుంది," అన్నాను.

అక్క పుస్తకం మూసింది. "మీ లాబ్‌లో రేకు ఖాళీ సగానికి తుప్పు పట్టలేదనుకో. పక్క సగంలో రంగు ఇటు పాకిందని సంతకం పెడతావా?"

ఎవరైనా అలాంటి రిపోర్టు తెస్తే మొహాన కొట్టేదాన్ని. నా కాళ్ల దగ్గరకొచ్చేసరికి, ఇరవై ఆరేళ్ల పని బుర్రలోంచి ఎగిరిపోయింది.

"ఆ గదిలో నలభై నిమిషాలు ఏం చేస్తావు?" అంది అక్క.

"ఏం చేస్తాను? పడుకుంటాను."

"ఇంట్లో పగలు ఎప్పుడైనా పడుకున్నావా?"

"ఎందుకు పడుకోవాలి? రోగమొచ్చిందా నాకు?" గట్టిగా అరిచాను. అక్క ఉలిక్కిపడింది. నేనూ ఉలిక్కిపడ్డాను.

అప్పుడు చెప్పాను. ముప్పై అయిదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట.

"అమ్మ పోయిన రోజు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మధ్యాహ్నం తనకి అలసటగా ఉందంది. 'కాసేపు పడుకుంటానే, తర్వాత లేపు' అంది. ఎప్పుడూ పగలు పడుకునేది కాదుగా. పనంతా నా మీద పడిందని నాకు చిరాకు. గంటైనా లేవలేదు. వెళ్లి భుజం పట్టుకుని కుదిపేశాను. 'ఎంతసేపమ్మా పడక, లే' అని అరిచాను. రెండుసార్లు అరిచానక్కా. అప్పటికే..."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నిద్రలో పోయిందని మాత్రమే తనకి తెలుసు. నా అరుపు సంగతి తెలీదు.

"అప్పుడు అమ్మకి యాభై ఒకటి," అన్నాను. "నాకిప్పుడు యాభై ఒకటి. పగలు పడుకుంటే నన్నూ ఎవరో కుదిపి లేపుతారు, నేను లేవను. అలా అనిపిస్తుంది. ఆ గదిలో అయితే కట్టేస్తారు. నేను పడుకున్నట్టు కాదు, నన్ను పడుకోబెట్టినట్టు."

అక్క లేచి, నా ఫోను లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టింది. కిటికీ తెర లాగింది. నన్ను సోఫా మీదకి తోసి, రెండు కాళ్లకీ దుప్పటి బిగించి చుట్టి, దాని కొస మీద తను కూర్చుంది.

"ఇదిగో నీ బూటు. గాలి కొట్టదు, కాస్త బరువెక్కువ. ఇక కదల్లేవు."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నాలుగింటికి అపాయింట్‌మెంటక్కా," అన్నాను.

"నోరు మూసుకుని పడుకో."

"నలభై నిమిషాలకి లేపు. కుదపకు. అరవకు."

"అలాగే."

పాదాలు కాసేపు కొట్టుకున్నాయి. అక్క తొడ కింద ఆగిపోయాయి. వీధిలో ఎవరో సైకిలు చైను సరిచేస్తున్న చప్పుడు. అమ్మ మొహం వచ్చింది, వెళ్లలేదు. అలాగే ఉండనిచ్చాను.

"లేవవే, బొంగరం," అన్న మాట వినిపించింది. మెల్లగా. నుదుటి మీద చెయ్యి ఉంది. కళ్లు తెరిచాను. అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లేచావా?" అంది.

"లేచాను," అన్నాను.

సోమవారం కుడికాలికి ఇరవై రెండు, ఎడమకాలికి ఇరవై రెండు. ఆ బూట్లు ఉత్త మోసమని నేననను. ఇంకో ఆవిడ కాళ్లకి పని చేస్తాయేమో, ఆవిడ ఒక కాలు ఖాళీగా వదిలి చూసుకోవాలి. నా రేకు మీద మాత్రం రెండు సగాలూ ఒకటే. ఆ వారమంతా ఆఫీసు నుంచి తిన్నగా అక్క ఇంటికే వెళ్లాను. రోజూ నలభై నిమిషాలు తను దుప్పటి కొస మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దింది.

రిలే రోజు ఏడో కిలోమీటరు వచ్చింది. అదే పేవ్‌మెంటు, అదే మలుపు. పిక్కలు గట్టిపడతాయేమోనని చూశాను. గట్టిపడలేదు. ఏడ్చుకుంటూ పరిగెత్తాను. గీత దాటాక మా జట్టు ఎన్నోదో కూడా చూడలేదు. పక్కనున్న గడ్డి మీద, పట్టపగలు, అందరి ముందూ వెల్లకిలా పడుకున్నాను.

డ్రైవరు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఎవరైనా నీళ్లు తెండి! పోయినేడాదిలాగే..."

"ఏం కాలేదు," అంది మా అక్క, నా పాదాల దగ్గర కూర్చుంటూ. "పడుకుంది, అంతే. నేను లేపుతాలే."

కళ్లు మూసుకున్నాను.