తడి అంటే ఏది?

“ఈ దోమలకి పసిదానికి జ్వరం తగులుకుంటే ఏం చేస్తాంరా?” అన్నాను మా అబ్బాయితో. వాడు చెప్పులేసుకుంటూ, పొద్దున్నే అలాంటి మాటలెత్తొద్దని విసుక్కుని పనికి వెళ్ళిపోయాడు. నేను ఎత్తకపోతే దోమలు ఊరుకుంటాయా?

మా మెట్ల కింద చెత్త గుట్టపడిపోయింది. రోజూ బండి వస్తుంది. బండి అతను బకెట్ల మూతలు తీసి చూస్తాడు, తడీ పొడీ కలిపేశారంటాడు, వదిలేసి పోతాడు. మూడు వాటాల వాళ్ళమూ తప్పు ఒకళ్ళ మీదికి ఒకళ్ళం తోసుకున్నాం. పై వాటా ఆవిడైతే మా ఇంటికి పసిపిల్ల వచ్చాకే ఈ గబ్బు మొదలైందని దెప్పింది. ఆ మాట మా కోడలి చెవిన పడింది. అప్పట్నుంచి తను ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇవాళ చూస్తే పిల్ల బట్టలు సంచిలో సర్దుతోంది. పుట్టింటికి పోతే పిల్లని మళ్ళీ ఎప్పటికి తెస్తుందో, అసలు తెస్తుందో లేదో.

బండి చప్పుడు వినగానే పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాను. మా బకెట్లలో తప్పేమిటో చూపించి కదలమన్నాను. అతను పచ్చ బకెట్లోంచి పాల ప్యాకెట్లు పైకి తీశాడు.

“ఇవి ఇందులో ఎందుకేశారమ్మా?”

“కడిగాను కదయ్యా, నీళ్ళు కారుతున్నాయి. తడి కాదా?”

“మరి ఈ ఎండు తొక్కలు నీలం బకెట్లో?”

“గలగలమంటున్నాయి. పొడే కదా.”

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తడి చెత్త అంటే కుళ్ళేది, పొడి చెత్త అంటే కుళ్ళనిది అన్నాడు. ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా అంటే, అందరికీ తెలుసనుకున్నాట్ట.

బకెట్ల మీద కుళ్ళేది, కుళ్ళనిది అని పెద్దక్షరాలతో రాశాను. పై వాటా ఆవిడ కూడా తనవి తెచ్చి రాయించుకుంది, గొంతు మాత్రం తగ్గించలేదు. సర్ది ఇచ్చాక ఇవాళ్టి చెత్త బండెక్కింది. పాత గుట్టకి మాత్రం ట్రాక్టర్ రావాలట. ఎప్పుడొస్తుందంటే పైవాళ్ళనడగమన్నాడు. నాకు తెలిసిన పైవాళ్ళు ఆ పై వాటా ఆవిడే.

లోపలికొచ్చి, తప్పు తెలిసింది, ఇక రోజూ తీసుకెళ్తాడు, ఉండిపొమ్మని కోడల్ని బతిమాలాను. మడత పెట్టిన గౌను సంచిలో పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఏడ్చి, తనంతట తనే ఊరుకుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నాను.

“వారం చూస్తానత్తయ్యా,” అంది చివరికి. “ఆ గుట్ట కదలకపోతే మాత్రం నన్ను ఆపకండి.”