మాస్టరు గారి కుడిచెయ్యి

అట్టను మధ్యకు వంచి, నున్నటి చెక్కబద్దతో ఒక్క రుద్దు రుద్దితే గ్రీటింగు కార్డు తయారు. ఆమె ఇంకో అట్ట అందుకుంది. అన్నిటి మీదా అదే మనిషి: నల్లకోటు, వెనక్కి దువ్విన తెల్లజుట్టు, ఎవరో శ్రుతి తప్పినట్టు ముడిపడ్డ కనుబొమలు, గాల్లోకి లేచిన కుడిచేతిలో సన్నటి కర్ర. పేరుమోసిన ఆర్కెస్ట్రా కండక్టరు. కార్ఖానాలో అందరూ మాస్టరు గారంటారు. పుట్టినరోజుకూ ఆయనే, పెళ్లికీ ఆయనే, త్వరగా కోలుకోమనడానికీ ఆయనే. లోపలి అక్షరాలే మారతాయి.

ముఖం ఆయనదే. చెయ్యి మాత్రం ఈమెది. ఫొటో తీసినప్పుడు మాస్టరు చెయ్యి కదిలి పొగలా వచ్చింది. మళ్లీ దిగమంటే ససేమిరా అన్నాడట. ఓనరు కార్ఖానాలో ఆడా మగా అందరి చేతులూ తిప్పి తిప్పి చూసి, చివరికి ఈమెకు తన కోటు తొడిగించి, స్వెటరు అల్లే సూది ఒకటి చేతికిచ్చాడు. "ఎత్తమ్మా. ఇంకాస్త. ఆఁ, అలాగే ఉండు." ఆ ఫొటో కత్తిరించి అతికించారు. బయటికి వంగిన ఆమె చిటికెనవేలు కూడా ఉన్నదున్నట్టు పడింది. "ఈ మాట గడప దాటిందా, కార్డులూ ఉండవు, నీ పనీ ఉండదు," అని ఓనరు మెత్తగానే చెప్పాడు. అప్పటికామెకు కొత్తగా పెళ్లయింది. ఇప్పుడు తల నెరిసింది.

అదేం కర్మో, ఇంట్లో ఆమె భర్తకు మాస్టరంటే ప్రాణం. ఒకప్పుడు హోటల్లో, జనం భోంచేస్తుంటే వయొలిన్ వాయించేవాడు. పక్షవాతంతో ఎడమపక్క పడిపోయాక, ఎదురుగోడకు ఆ కార్డు అంటింపజేసుకుని దాన్ని చూస్తూ పొద్దు గడుపుతున్నాడు. ఆమె చేతిలోంచి గ్లాసు జారితే చాలు. "చెయ్యంటే అదే. నీకూ ఉన్నాయి రెండు, ఎందుకూ?" అంటాడు.

చెప్పేద్దామని నాలుక చివరిదాకా వస్తుంది. చెబితే పని పోతుంది, పని పోతే మందులుండవు. అదొక్కటే అయినా బావుండేది. మంచాన పడ్డ మనిషికి మిగిలింది ఆ చెయ్యే, దాన్నీ లాగేసుకోవడమా? ఆ మాటను మింగుతూనే వచ్చింది. ఒక్కోసారి ఆయన మీద కోపం, ఒక్కోసారి మాస్టరు మీద. ఎక్కువగా తన చెయ్యి మీదే.

ఆ మధ్యాహ్నం ఓనరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇదే ఆఖరి కట్టమ్మా. మాస్టరు గారు కొత్త ఫొటో పంపారు. ఈసారి చెయ్యి కూడా ఆయనదే."

"మరి నాది?"

"ఇంక దాచేదేముంది, ఎవరికైనా చెప్పుకో. ఎవరు నమ్ముతారులే."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఊరంతా నమ్మక్కర్లేదు, ఒక్క మనిషి నమ్మితే చాలు. ఆయన సంతోషం పోతే పోనీ, ఇవాళ మాత్రం ఆగేది లేదనుకుంది. సొరుగు అడుగున ఆ ఫొటో నాటినుంచీ పడున్న స్వెటరు సూదిని తీసి సంచిలో వేసుకుంది.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. 'కోప్పడకండి' అని మొదలుపెట్టాలా? 'ఇన్నాళ్లూ మీరు మెచ్చుకుంది నన్నే' అనాలా? రెండోది బావుందనిపించి పైకే అనేసింది. ఎదురొస్తున్నవాడు వింతగా చూసి తప్పుకున్నాడు.

ఇల్లంటే ఒకటే గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆయన ఎప్పట్లాగే కార్డు వైపు చూస్తున్నాడు.

"ఏమండీ, వచ్చాను."

పలకలేదు. ఆమె ఆలస్యంగా వస్తే ఇలాగే ముఖం మాడ్చుకుంటాడు. ఆమె సంచి దించి, కార్డు పక్కన నిలబడి, సూది పట్టుకుని చెయ్యెత్తింది. చిటికెనవేలు దానంతటదే బయటికి వంగింది.

"చూడండి. సరిగ్గా చూడండి. ఇన్నాళ్లూ మీరు మెచ్చుకుంది నన్నే."

ఆయన చూస్తూనే ఉన్నాడు. నమ్మాడు, అనుకుంది. పెళ్లయినప్పటినుంచి ఆయన నుంచి ఎదురుమాట రాకపోవడం ఇదే మొదలు. భుజం లాగుతున్నా చెయ్యి దించలేదు. ఆయన రెప్ప వేశాక దించుదామనుకుంది.

ఈగ ఒకటి వచ్చి ఆయన కంటి కొసన వాలింది. అక్కడే నడుస్తూ ఉంది.

దగ్గరికెళ్లి నుదుటి మీద చెయ్యి వేసింది. ఎప్పుడో చల్లబడిపోయింది.

"ఒక్క పూట ఆగలేకపోయారా," అంది. ఆ చేత్తోనే ఆయన కళ్లు మూసి, పక్కింటివాళ్లను పిలవడానికి బయటికి నడిచింది.

గోడ మీది కార్డులో ఆమె చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది.