కొత్త ఫలితాలేమీ లేవు

వెర్నా పెనం మీద గుడ్లు తిప్పుతుండగా ఫోను మోగింది. భర్త రస్ పేపర్లోంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు, లేనని చెప్పమని.

"ఇప్పుడే వెళ్ళాడు అత్తయ్యా. మీ మోకాలి నొప్పి ఎలా ఉందో కనుక్కోమన్నాడు."

కనుక్కోమనలేదు. ఆ మోకాలి సంగతి అతనికి గుర్తే లేదు. అటునుంచి అత్తగారు ఒపాల్ గొంతు పెంచింది. "నా కొడుకు రావట్లేదంటే నువ్వు గుర్తుచెయ్యట్లేదన్నమాట. నీకేం, ఆఫీసు మనిషివి." ఫోను పెట్టేశాక రస్ అడిగాడు, ఏమంటోందని. "ఏముంది, బాగానే ఉందట," అంది వెర్నా, గుడ్లు పళ్ళెంలో వేసి అతని ముందు పెడుతూ. పెళ్ళయిన నాటినుంచీ ఇదే పని. కొడుకు మాట తల్లికి తీపి చేసి, తల్లి మాట కొడుక్కి ముల్లు తీసి, ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరగడం. దాన్ని పని అని ఎవరూ అనలేదు. ఆమే అనుకోలేదు.

ఆఫీసు పనిని కూడా రస్ పని అనడు. మొన్న చర్చి విందులో అందరి ముందూ అన్నాడు: "రెండు కంప్యూటర్లు వాటిలో అవి మాట్లాడుకుంటుంటే, మా ఆవిడ మధ్యలో కూర్చుని వింటుందట. దానికి జీతం!" బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. వేడి గిన్నె రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ వెర్నా కూడా నవ్వింది. నవ్వక చస్తుందా!

నిజానికి ఆ మాటలు కంప్యూటర్లకి నేర్పింది ఆమే. రాష్ట్రంలోని ప్రతి ఊరి నీటి పరీక్షా వెర్నా పనిచేసే పర్యావరణ శాఖకి వస్తుంది. రోజూ పొద్దున ఆరోగ్య శాఖ కంప్యూటర్ ఈ శాఖ కంప్యూటర్ని అడుగుతుంది, కొత్త ఫలితాలేమైనా ఉన్నాయా అని. ఇది ఉన్నవి ఇస్తుంది, లేకపోతే లేవంటుంది. ఉత్తరాలు లేవు, సంతకాలు లేవు, మధ్యలో మనిషే లేడు. ఆ అడగడాన్నీ చెప్పడాన్నీ వెబ్ సర్వీస్ అంటారు. కూతురి చిన్నతనంలో, దానికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఒళ్ళో వేసుకుని ఆ సర్వీస్ రాసింది వెర్నా. దానికొచ్చిన బహుమానం పుచ్చుకోవడానికి వేదికెక్కింది కర్టిస్. తన చేతికింద పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు తన పైఅధికారి. ఆ ఫొటోలో వెర్నా లేదు. ఫొటో తీసింది ఆమె.

ఆ కర్టిసే ఒక షరతు పెట్టించాడు. ప్రతి ఫలితానికీ ఒక గుర్తు ఉంటుంది, 'తాత్కాలికం' అనో 'ఖరారు' అనో. ఖరారైనవే బయటికి వెళ్ళాలి. "ఆరోగ్యం వాళ్ళకి తాత్కాలికంవి కూడా ఇద్దాం కర్టిస్, చూసుకుంటారు," అంది వెర్నా అప్పుడు. "నువ్వు మరీ తల్లిలా ఆలోచిస్తావు," అన్నాడు. మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు. ఆమె నోరు మూసుకుని ఆ షరతు ప్రోగ్రాంలో రాసిపెట్టింది.

మార్చిలో ఆల్డర్ క్రీక్ ఫలితం వచ్చింది. ఒపాల్ ఉండే ఊరు, కూతురు జోలీన్ రెండు నెలల కొడుకుతో కాపురముంటున్న ఊరు. చుట్టూ మొక్కజొన్న పొలాలు. పొలాల ఎరువంతా దిగి ఊరి బావుల్లో నైట్రేట్ హద్దుకి రెండింతలైంది. పెద్దవాళ్ళకి అప్పటికప్పుడు ఏమీ కాదు. ఆ నీళ్ళతో కలిపిన పాలు తాగే చంటిపిల్లలకి మాత్రం రక్తానికి ప్రాణవాయువు అందదు. నీలంగా మారిపోతారు.

"మళ్ళీ పరీక్ష చేయిద్దాం. వానలు తగ్గాక," అన్నాడు కర్టిస్. "అప్పటిదాకా తాత్కాలికంలోనే ఉంచు. అసెంబ్లీ నడుస్తోంది, ఇప్పుడెందుకు గొడవ?"

ఆ సాయంత్రమే వెర్నా జోలీన్‌కి ఫోన్ చేసి, బాబుకి బాటిల్ నీళ్ళే వాడమంది. ఎందుకో చెప్పలేదు. రస్‌కి చెప్పింది. అతను ఎరువుల సహకార సంఘంలో మేనేజరు. "మనవాడికి ఇబ్బంది లేదుగా? ఇంకేం? ఊరందరికీ నువ్వు తల్లివా? నా ఉద్యోగం మీదికి తెచ్చేలా ఉన్నావు," అన్నాడు, టీవీ గొంతు పెంచుతూ. వెర్నా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది. చెయ్యగలిగింది చేశాననుకుంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో తలుచుకుంటే ఆమెకి తనమీద తనకే రోత పుట్టింది.

ఏప్రిల్ గడిచింది. ప్రతి పొద్దునా ఆరోగ్య శాఖ కంప్యూటర్ అడుగుతూనే ఉంది. ఆల్డర్ క్రీక్‌లో కొత్తవేమీ లేవని ఇది చెబుతూనే ఉంది. మోకాలి నొప్పి ఎలా ఉందో కనుక్కోమన్నాడని చెప్పినంత మర్యాదగా.

ఇవాళ మధ్యాహ్నం వెర్నా బల్ల దగ్గరే శాండ్‌విచ్ తింటుంటే జోలీన్ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"అమ్మా, పక్కింటి ట్రినా లేదూ, దాని పాపకి పెదాలు నీలమైపోయాయమ్మా. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళారు. అదెంత జాగ్రత్త మనిషో నీకు తెలుసుగా! మన నాన్నమ్మ చెప్పిందని నీళ్ళు ఒకటికి రెండుసార్లు మరగబెట్టి మరీ పాలు కలిపేది."

వెర్నా శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది. మరగబెడితే నీళ్ళు ఆవిరైపోతాయి, నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ పిల్ల ఎంత జాగ్రత్తపడితే అంత విషం పట్టించింది తన బిడ్డకి.

"అమ్మా." జోలీన్ ఏడుపు ఆగింది. "నన్ను బాటిల్ నీళ్ళు వాడమన్నావుగా. నీకు తెలుసా?"

"మళ్ళీ చేస్తానమ్మా," అని వెర్నా ఫోను పెట్టేసింది.

కర్టిస్ గది తలుపు మూసి ఉంది. అడిగితే ఏమంటాడో ఆమెకి తెలుసు. అడగలేదు. తను రాసిన ఆ షరతు తెరిచింది. ఒక్క వరుస. దాన్ని చెరిపేసింది. కానీ అవతలి కంప్యూటర్ రేపు పొద్దునదాకా అడగదు. ఆ ఊళ్ళో రేపటిలోగా ఎన్ని పాలసీసాలు కలుపుతారో! ఫోన్ తీసి ఆరోగ్య శాఖకి చేసింది. ఎవరో ఒకామె ఎత్తింది.

"మీ కంప్యూటర్‌ని ఇప్పుడే అడగమనండి. రేపటిదాకా ఆగొద్దు. ఆల్డర్ క్రీక్ అని అడగండి."

అటువైపు కీబోర్డు చప్పుడు.

"ఇది... ఇది మార్చిది కదండీ! మేం రోజూ అడుగుతూనే ఉన్నాం!"

"అడిగారు. లేవని చెప్పించింది నేనే. నా పేరు రాసుకోండి. ముందు ఆ ఊరి తల్లులకి చెప్పండి, నీళ్ళు మరగబెట్టొద్దని, అసలు వాడొద్దని."

అరగంటలోపే కర్టిస్ తలుపు విసురుగా తెరుచుకుంది. "వెర్నా! ఎవర్నడిగి చేశావు?" ఆమె తల తిప్పలేదు. ఇంతలో బల్ల మీది సెల్‌ఫోన్ రస్ పేరుతో మోగింది. కబురు సంఘం దాకా పోయినట్టుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని ఫోన్ కట్ చేసి, జోలీన్‌కి చేసింది.

"తెలుసమ్మా," అంది. "మార్చినుంచీ తెలుసు."