లాభం, రెండు, మూడు

ఆ వల ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది. వెంగమ్మ చెరువులోంచి తెచ్చి గట్టుమీద వేసీ వేయకముందే మల్లికార్జునం శెట్టి జీతగాళ్ళు చుట్టచుట్టి బండిలో పడేశారు. పాలెంలోని తక్కిన పదకొండు వలలూ అప్పటికే అందులో ఉన్నాయి. ఇది నేను కళ్ళారా చూశాను. యాభై రెండు కరువులో ఎండిన చెరువు మూడేళ్ళకు నిండింది. చేపలు ఎగిరి పడుతున్నాయి, వలలేమో ఆత్మకూరులో శెట్టి కొట్టుకు పోతున్నాయి.

"నాగు కొలిచినాక తీసుకపోండి," అన్నాడు బండివాడు.

"వల లేకుండా పిల్లోళ్ళకి ఏం పెట్టాల్రా? నీ మొగం పెట్టాల్నా?" అని వెంగమ్మ బండి చక్రం పట్టుకుంది. వాడు ఎద్దుల్ని అదిలించాడు.

నాగంటే గింజల అప్పుమీద వడ్డీ. పది కుంచాల జొన్నలు తీసుకుంటే పంటనాటికి పదిహేను కొలవాలి. కొలవలేకపోతే అయిదు కొలిచి అసలు నిలబెట్టుకోవాలి. వెంగమ్మ కరువులో పది కుంచాలు తెచ్చుకుంది. రెండేళ్ళు అయిదేసి కొలిచింది. అసలు పదీ అట్లాగే ఉంది. పాము ఒక్కసారే కరుస్తుంది, ఈ నాగు ఏటేటా కాటేస్తుంది.

నేను అప్పటికి బడి ఉద్యోగం ఊడి కూలీ సంఘంలో తిరుగుతున్నాను. పాలెంవాళ్ళు ఇంకా అయ్యోరనే పిలిచేవాళ్ళు. చదువుకున్నవాడి జబ్బు నాకుంది, దేనికైనా పుస్తకం వెతుకుతాను. మర్నాడు ముప్పైమందిమి శెట్టి కొట్టుముందు నిలబడ్డాం. ఆరోజు ఏకాదశి. శెట్టి ఉపవాసం. ఏ మాటకామాట, భక్తి దొంగది కాదు.

"అసలుకు రెట్టింపు మించి పుచ్చుకోగూడదని మనువే చెప్పినాడు శెట్టిగారూ. ఇప్పుడు మళ్ళీ పదిహేను అడగడం ధర్మమా?" అన్నాను.

శెట్టి నవ్వాడు. "సగం శ్లోకం చదివి వచ్చినారే అయ్యవారూ! రెట్టింపు డబ్బుకు. గింజలకు అయిదింతల దాకా పోవచ్చునని ఆ పక్కనే ఉండాది. బ్రాహ్మడికి నెలకు నూటికి రెండు, శూద్రుడికి అయిదు. అదీ ఆయనే రాసినాడు."

అతను చెప్పింది నిజమే. సిగ్గుతో చచ్చాను.

"లేనోడికే ఎక్కువ రాసినాడా?" అంది వెంగమ్మ. "ఆ మనువు ఎవురింట్లో కూడు తిన్నాడో!"

"ఏయ్, నోరు!" అన్నాడు శెట్టి. "ఆ ఏడుకొండలవాడే కుబేరుడికి వడ్డీ కడతా ఉండాడు. మీరెంత?"

"కడతా ఉండాడు, సరే. బాకీ తీరలేదని కుబేరుడు ఆయన శంఖుచక్రాలు బండికెత్తుకపోయినాడా?"

జనం గొల్లున నవ్వారు. లోపల గుమాస్తా కూడా నవ్వి, నాలిక కరుచుకున్నాడు. వలలు మాత్రం బయటికి రాలేదు.

సాయంత్రం పాలెంలో కూర్చున్నాం. అనుమసముద్రంపేట దర్గా ముందర అగరొత్తులమ్మే మస్తాన్ సాహెబు కూడా వచ్చాడు.

"మీ మతంలో వడ్డీ పాపం గదా, తాతా?" అనడిగాను, ఇంకా పుస్తకం వదలక.

"హరామే నాయనా. అందుకే మా భూస్వామి సాహెబు వడ్డీ తీసుకోడు. అప్పు తీరేదాకా నా చేను ఆయనే దున్నుకుంటాడు. తొమ్మిదేళ్ళయింది. దాని పేరు వడ్డీ కాదంట, భోగ్యమంట."

"పేరు మారిస్తే పాపం పోతాదా?" అంది వెంగమ్మ.

వెనక నుంచి ఆదెయ్య లేచాడు. ఇరవై ఏళ్ళుగా శెట్టికి గింజలు కొలిచే మనిషి. పాలెం కుర్రాడు కొండలయ్య అతని మీదికి ఉరికాడు. "శెట్టి కుక్కా, నువ్వెందుకొచ్చినావురా?"

"నా వల గూడా ఆ బండిలోనే ఉండాది," అన్నాడు ఆదెయ్య. "ఒక్కటి అడగాల. మనం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అని ఎందుకనం?"

మన వైపు ఎవరూ అనరు. లాభం, రెండు, మూడు అనే కొలుస్తారు. ఒంటి అంకె అశుభమని తాతలనాటి మాట.

"శెట్టి ఇచ్చేటప్పుడు లాభం, రెండు అంటాను. తీసుకునేటప్పుడు లాభం, ఒకటి, రెండు అనమంటాడు. లాభం దేవుడిదంట, లెక్కలోకి రాదంట. ఇరవై ఏళ్ళు ఈ నోటితోనే అన్నాను." అతను పాలెంవాళ్ళ వైపు తిరిగాడు. "పేర్లు వాళ్ళేనా మార్చేది?"

కొండలయ్య పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.

మూడోనాడు కల్లంలో కొలత. శెట్టి నులకమంచం మీద కూర్చున్నాడు. వలలు బండిలోనే తెప్పించాడు, నాగుతో సహా కొలిచినవాళ్ళకు అక్కడే ఇస్తానని. వెంగమ్మ ఏడాది కూలి గింజలు కుప్పగా పోసింది. చుట్టూ పాలెమంతా నిలబడింది. ఆదెయ్య కుంచం ముంచి ఎత్తాడు. చెయ్యి ఆగింది.

"అసలు," అన్నాడు.

శెట్టి తల ఎత్తాడు. "ఏందిరా అది?"

"రెండు," అన్నాడు ఆదెయ్య. "మూడు," అంది వెంగమ్మ. నాలుగుకు పదిమంది గొంతు కలిపారు. తొమ్మిదికి పాలెమంతా. పది పడగానే ఆదెయ్య కుంచం బోర్లించాడు.

"నాగు ఎప్పుడో తిన్నావు శెట్టీ. అసలు ముట్టింది. బాకీ తీరిపోయింది."

మా అసలూ ఇట్లాగే కొలుస్తామంటూ ఆడవాళ్ళు బండి మీద పడ్డారు. ఎవరి వల వాళ్ళు భుజాన వేసుకున్నారు. జీతగాళ్ళు కర్రలెత్తారు గాని అంతమందిని చూసి దించారు.

పొద్దు వాలకముందే పోలీసులు వచ్చి, శెట్టిగారి కుంచం దొంగిలించాడని ఆదెయ్యకు సంకెళ్ళు వేశారు. కుంచం కల్లంలోనే బోర్లా పడివుంది.

"ఆయన్ని పట్టుకపోతే మమ్మల్నీ పట్టుకపోండి. మేమూ కొలిచినాం," అంది వెంగమ్మ. వలలు భుజాన వేసుకునే ఆత్మకూరు దాకా నడిచాం. ముసలి మస్తాన్ సాహెబు కూడా నడిచాడు. స్టేషన్ ముందు వరసగా నిలబడ్డాం.

"ఎంతమందో లెక్కపెట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టరు విసుగ్గా.

కానిస్టేబులు మర్రిపాడువైపు సేద్యగాడి కొడుకు. మొదట వెంగమ్మ వైపు వేలు చూపి, అలవాటుకొద్దీ "లాభం," అన్నాడు.

"ఆగు నాయనా," అంది వెంగమ్మ. "లాభం కాదు. అసలు అను."

కానిస్టేబులు ఇన్‌స్పెక్టరును చూశాడు. మమ్మల్ని చూశాడు. గొంతు తగ్గించి, "అసలు," అన్నాడు.

"రెండు!" అని అరిచాడు లాకప్‌లోంచి ఆదెయ్య.