నేమం తప్పినవాడు

వాన కోసం బాగోతం ఆడిస్తే మొగులు కరుగుతుందని ఇటిక్యాల దిక్కు పల్లెల్లో గట్టి నమ్మకం. ఆడేవాళ్లు మాత్రం తొమ్మిది రోజులు నేమం పట్టాలి. కల్లు ముట్టరాదు, మాంసం ముట్టరాదు. ఆ ఏడు దుష్టమంత్రి వేషం కురుమూర్తిది, రాణి వేషం ఎప్పటిలాగే మాసయ్యది. కథలో కరువు తెచ్చిన పాపం మంత్రిదే. అయినా వాడు బొటబొటా కన్నీళ్లు కార్చి నిందంతా రాణి మీదికి తోసి, ఆమెను అడవి పాలు చేస్తాడు.

మాసయ్య చెంగు నోట్లో కుక్కుకుని అడవికి కదిలితే ఏడవని ఆడది లేదు. కిష్టమ్మయితే మంత్రి మీదికి చెప్పు విసిరింది. ఏడాదంతా కూలికి వంగే మాసయ్య నడుము ఆ చీర కట్టినప్పుడే నిటారుగా నిలిచేది. ఊరు అతన్ని మనిషిగా చూసేదీ అప్పుడే.

ఆట అయిపోయి నాలుగు రోజులైనా చినుకు లేదు. మాసయ్య కౌలుకు పట్టిన రెండెకరాల జొన్న ముడుచుకుపోతోంది. పొద్దున్నే ఊరి పెద్ద దశరథం అందరినీ చావడికి పిలిపించి, "నేమం తప్పిందెవరు?" అని గద్దించాడు.

మాసయ్య తల వంచుకున్నాడు. ఈతవనంలో కురుమూర్తి కల్లుముంత ఎత్తడం అతను కళ్లారా చూశాడు. ఆట చెడుతుందని కడుపులోనే పెట్టుకున్నాడు. మంచితనమనండి, తెలివితక్కువతనమనండి.

కురుమూర్తి అప్పటికే భోరుమన్నాడు. "నా నోటితోని ఎట్ల జెప్పాలె పటేలా! మాసయ్యను తోడబుట్టినోని లెక్క జూసుకున్న. ఈతవనంల తాగుతుంటె వద్దని కాళ్లు మొక్కిన. జూడుండ్రి, ఇప్పుడు నా మీదనే ఏస్తడు."

"తాగింది నువ్వు గదరా!" అని అరిచాడు మాసయ్య.

"సూసిండ్రా? జెప్పిన గద!"

ఇంకేముంది! ఆట చూస్తూ మంత్రి మీదికి చెప్పు విసిరిన కిష్టమ్మే చావడిలో అదే ఏడుపును నమ్మింది. "ఈని పాపానికే మొగులు అలిగింది, ఎల్లగొట్టుండ్రి" అంది. ఇలాంటి జనం కోసం ఎంత ఆడితే ఏం లాభం! దశరథం రాణి చీర, గజ్జెలు తెప్పించి కురుమూర్తి బావమరిది చేతికిచ్చాడు. ఆ వేషం మీద వాడికి మూడేళ్లుగా కన్ను.

"పొలిమేర దాటి పో, మాసయ్యా. నువ్వు పోయినంక వాన పడితే తప్పు నీదే. పడకుంటె మళ్ల పిలుస్త" అని తీర్పు చెప్పాడు దశరథం.

భార్య జమ్ములమ్మ మూట నెత్తిన పెట్టుకుని వెంట నడిచింది. దారిలోనే వాళ్ల చేను. వాన పడకపోతే పరువు దక్కుతుంది, పడితే జొన్న దక్కుతుంది. వాన వద్దని మొక్కుదామని మాసయ్య చేతులు జోడించాడు. వాడిన మొలకలు చూస్తే నోరు రాలేదు.

"పడనీ తియ్యి" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఉరిమింది. వాన దబదబా కురిసింది. ఊరి వైపు నుంచి డప్పులు, కేకలు వినిపించాయి. ఈ ఊరు ఇక తనను పిలవదని మాసయ్యకు తెలిసిపోయింది. ఒక్క మనిషికైతే నిజం తెలుసు కదా అని పక్కకు తిరిగాడు.

జమ్ములమ్మ తడుస్తూ అతని ముఖంలోకే చూస్తోంది.

"నాతోనన్న నిజం జెప్పు మామా" అంది. "తాగినవా?"